గున్నయ్య తాతకి సప్పట్లు

అంతే అంటారేటి మేడమ్? నా కొడుకు రత్తం కాయితం సూసి "కొద్దిగా ఎక్కువున్నాది, అంతే" అంటారేటి? ఆ మాట నాకు కొత్త కాదు. మా బావకి సెప్పినప్పుడూ అదే మాట. మా ఆయనకి సెప్పినప్పుడూ అదే మాట. మా మరిదికీ అదే. కొద్దిగంట! కొద్దిగా అని మొదలెట్టి పాడె మీదకి తెచ్చీ కిడ్నీల జబ్బు కాదేటిది?

లేదు, లెగకండి. కూకోండి. ఆ కుర్సీ కాలు ఊగుతాది, గోడకి ఆనించుకోండి. మీ మీద అరవాలని కాదు మేడమ్. బయ్యం. బయ్యమేసినప్పుడు నా నోరు పెద్దదయిపోతాది, సిన్నప్పట్నించీ అంతే.

ఇంట్లో ఎవులూ లేరు. నా కొడుకు యువరాజు గట్టుకెల్లినాడు, బోటు కాడికి. ఆడితోటి ఆడి తాత, మా మావానూ. ఆలిద్దరూ వచ్చీలోగా నాను సెప్పీయాల. ఆడికి ఈ కబురు మీరు సెప్తారా, నన్నే సెప్పమంటారా, అది తరవాత సూద్దాం. ముందు నా మాట ఇనండి.

మీరు మంచోరే. కాదన్ను. టెక్కలి సర్చిలో పాస్టరుగారి అమ్మాయంట గదా. దీవెన డాక్టరమ్మ అంటే మా ఊల్లో ముసలమ్మలు కూడా దన్నం ఎడతారు. ఎండలో ఇల్లిల్లూ తిరిగినారు, ఇంటికెంతమంది, ఎవులు ఏ పని సేత్తారు, ఎవులు ఏ వయసులో పోనారు అని ఓపిగ్గా అడిగినారు, అందరి రత్తాలూ తీసుకున్నారు. అంతా బాగానే ఉన్నాది. గానీ ఆయాల మీరు మా ఊల్లో ఏటి సేసి ఎల్లినారో మీకు తెల్దు. జీపెక్కి ఎల్లిపోనారు గదా. ఇక్కడున్నది మేం.

అదే, తుఫాను షెల్టర్లో మీటింగు ఎట్టినారు, ఆ రోజు.

గోడకి తెల్లగుడ్డ కట్టి బొమ్మలేసినారు. ఒకటి ఎర్రగీత, ఒకటి పచ్చగీత. మాకేటి తెలుత్తాది? మీరే ఇడమరిసి సెప్పినారు. ఏటకెల్లీవోల ఇల్లల్లో, జీడితోటల్లో కొబ్బరితోటల్లో కూలికెల్లీవోల ఇల్లల్లో మగోలు ఏ వయసుకి పోతన్నారు, కాశీబుగ్గలో సావుకార్లూ ఉద్యోగస్తులూ ఏ వయసుకి అని. ఎర్రగీత మాదంట. నలభై దాటిందో లేదో జర్రున జారిపోనాది, తడిసిన గట్టు మీద కాలేసినట్టు. పచ్చగీత బజారోలది. డెబ్బై దాకా కర్రలాగ నిలబడే ఉన్నాది.

మాకు తెల్దనా? ఈ ఈది ఆ సివర్నించి ఈ సివరికి నడిసి రండి మేడమ్. అరుగుల మీద కూకున్నోలంతా ఆడోలే. నుదుట బొట్టు లేనోల్ని లెక్కెట్టడం మానీసి సాలా కాలమైపోనాది. గానీ కడుపులో తెలిసుండటం ఏరు, గోడమీద గీతగీసి సూపించడం ఏరు. యువరాజు నా పక్కనే నిలబడ్డాడు. ఇరవైమూడేల్లు ఆడికి. ఆడు నా కేసి సూడ్లేదు, మీ కేసి సూడ్లేదు. ఆ గీత జారిపోయే సోటే సూత్తన్నాడు. రెప్ప ఎయ్యకుండా.

ఎవులో అడిగినారు, "ఎందుకమ్మా మాకే ఇలగ?" అని. మీరు, "ఇంకా తేల్లేదమ్మా. నీల్లా, మట్టా, ఎండలో సాకిరీయా, తోటలకి కొట్టే మందులా, అన్నీ కలిసా, ఎతుకుతన్నాం" అన్నారు. అబద్దమాడలేదు, దానికి దన్నం. గానీ మేడమ్, "తెల్దు" అన్న మాట ఊల్లో వొదిలీసి ఎల్లిపోకూడదు. మీరు జవాబు సెప్పకపోతే ఊరే సెప్పుకుంటాది.

ఇంకో మాటా అడిగినారు గుర్తుందా, రవిశంకర్ బాబు గురించి? ఆయనా మా ఊరోడే. మా ఆయనా ఆయనా ఒకే బల్లో సదివినారు, ఒకే నూతి నీలు తాగినారు. ఆయన జీడిపప్పు యాపారంలో పైకొచ్చి కాశీబుగ్గలో మేడ కట్టినాడు. ఆయనకీ ఇదే జబ్బు, మా ఆయనకీ ఇదే జబ్బు. ఇంచుమించు ఒకేసారి బయటపడింది. ఆయన్ని ఇశాపట్నం తీసికెల్లి సెల్లెలి కిడ్నీ ఏయించినారు. ఇప్పుడు పొద్దున్నే తెల్లబూట్లేసుకుని నడుత్తాడు, యాబై దాటినాయి. మా ఆయన సివరిదాకా తోటలోకి పనికెల్లినాడు. కాల్లు వాసిపోయి సెప్పులు పట్టకపోతే ఒట్టి కాల్లతో ఎల్లినాడు. నలభైకి ఏడాది తక్కువలో పోనాడు. జబ్బులో తేడా లేదు మేడమ్. పోయే వయసులోనే తేడా.

సరే, అదీ ఇనీసినాం. అందరూ బిక్కసచ్చిపోయి కూకున్నారు. అప్పుడు మీకు జాలేసినట్టుంది మా మొగాలు సూసి. దైర్నం సెప్పాలనుకున్నారు. ముందు వరసలో కూకున్న మా మావని సూసినారు.

"తాతా, నువ్వు లెగు" అన్నారు. లెగిసినాడు. "పేరేటి?" అంటే "గున్నయ్యండి" అన్నాడు. "వయసు?" అంటే "డెబ్బయ్యెనిమిదంటారండి" అన్నాడు. అప్పుడు మీరు ఊరందరికేసీ తిరిగి, "సూడండి! ఈ ఊల్లోనే పుట్టినాడు, ఈ ఊరి నీల్లే తాగినాడు, ఇప్పటికీ వల లాగుతన్నాడు. రత్తం సూత్తే కుర్రోడి రత్తంలాగున్నాది. తాతకి సప్పట్లు!" అన్నారు.

మీతో వచ్చిన కుర్రోలు కొట్టినారు. మీరు కొట్టమన్నారు గాబట్టి మావోలూ కొట్టినారు. మా మావ బోసినోటితో నవ్వి దన్నం ఎట్టినాడు. పాపం, ఆయనకి జనమలో ఎవులు కొట్టినారు సప్పట్లు?

ఆయన ముగ్గురు కొడుకులకి కొరివెట్టినోడు మేడమ్. పెద్దోడు, మా ఆయన, సిన్నోడు. మీరు ఇల్లిల్లూ తిరిగినప్పుడు ఆ ముగ్గురి వయసులూ నానే సెప్పినాను. మీ గీతలో ఆలున్నారు. గానీ ఆ గీతకీ ఈ ముసలాయనకీ ఉన్న సమ్మందం మీకు ఆ నిమసంలో గుర్తులేదు. ఊరికి గుర్తున్నాది. సప్పట్లు ఆగినాయి. మొగుణ్ణి పోగొట్టుకున్నోలు, కొడుకుని పోగొట్టుకున్నోలు, అందరూ మా మావనే సూత్తన్నారు. నాను ఆ సూపులు సూసినాను.

నోరిప్పింది జగదాంబ. మా పక్కిల్లే. దాని మొగుడు ఢిల్లీరావు పలాస ఎల్లి రత్తం కడిగీ మిసను మీద పడుకుని వత్తాడు, ఎల్లినప్పుడల్లా ఇదే తోడు. దాని బాద దానిది, నాను తిట్టను. కొలాయి కాడ బిందె ఎత్తుకుంటా అన్నాది, "ముగ్గురు కొడుకుల ఆయుస్సూ తినీసినాడు గాబట్టే వదినా, ముసలోడు రాయిలాగున్నాడు. ఇంక మిగిలింది మనవడే గదా."

నవ్వుతాది అనుకున్నాను. నవ్వలేదు.

ఓలమ్మ! అంతే మరి. ఎండుతాటాకుకి నిప్పెట్టినట్టు. టీ కొట్టు నీలమ్మ ఆయనకి ఏరే గలాసు తీసి ఎట్టినాది. బోటు తోసీ కాడ సెయ్యి ఎయ్యబోతే కుర్రోలు "నువ్వు ముట్టకు తాతా" అన్నారు. పసిపిల్లలంటే పడిసచ్చీ మనిసి, ఆయన ఈదిలోకొత్తే తల్లులు పిల్లల్ని సంకనేసుకుని లోనకెల్లిపోడం మొదలెట్టినారు. ఆయనకి ముందర అరదం కాలేదు. "ఏటే మంగా, నా ఒంటికి ఏటైనా వాసనొత్తందా?" అని అడిగినాడు నన్ను.

నాను నమ్మలేదు మేడమ్. ఒట్టు, మొదట్లో నమ్మలేదు. జగదాంబతో జుట్టుపట్టుకునీంత తగువాడినాను. గానీ బయ్యం ఊరుకుంటాదేటి? ఊరు పడుకున్నా అది పడుకోదు.

యువరాజు తెల్లారి లెగకముందు నాను ఎల్లి ఆడి కాల్ల కాడ కూకుంటాను. ముంగాలు మీద బొటనేలితో నొక్కుతాను. నొక్కిన సోట గొయ్యి పడి అలగే ఉండిపోతే నీరు పట్టినట్టు. మా ఆయనకి అలగే కనిపెట్టినాను. నొక్కుతాను, తీత్తాను, సూత్తాను. బాగానే ఉన్నాది అనిపిత్తాది. అంతలోనే లేదేమో అనిపిత్తాది. మల్లీ నొక్కుతాను. ఒకనాడు ఆడు కల్లు తెరిసి "ఏటమ్మా?" అన్నాడు. "సీమ పాకుతంది నాయనా" అన్నాను. ఆడికి తెలుసు. కాలు ముడుసుకుని అటు తిరిగి పడుకున్నాడు.

అలగుండగా మీ కాడ్నించి పోనొచ్చినాది. "అబ్బాయి రత్తం మల్లీ తియ్యాల" అని. తాతది అక్కర్లేదంట. మనవడిదే మల్లీ కావాలంట! పోను కింద పడీసినాను. ఆ రోజు నుంచి మేడమ్, మా మావ నా కంటికి మా మావలాగ కనబడలేదు. ఆయన దగ్గితే బాగుణ్ణు అనిపించీది. దగ్గడు. నడుం పట్టుకుంటే బాగుణ్ణు అనిపించీది. పట్టుకోడు. తెడ్డులాగ తిన్నగా నడుసుకుంటా ఎల్లిపోతాడు.

ఒకనాడు సందేల జగదాంబ మా వాకిట్లోకి వచ్చినాది. ఢిల్లీరావుకి ఆయాల మిసను మీద పేనం మీదకొచ్చిందంట, ఆటోలో ఏసుకుని తెచ్చింది. మా మావ వాకిట్లో వల బాగుసేసుకుంటన్నాడు. ఎదురుగా నిలబడి, "తాతా, నీకింకా కడుపు నిండలేదా? ఇంద, నా మొగుణ్ణి కూడా తినీ!" అనీసి దోసిలితో మట్టెత్తి ఆయన నెత్తిమీద పోసినాది. తిడతా కాదు మేడమ్, ఎక్కెక్కి ఏడుత్తా పోసినాది.

మా మావ తల దులుపుకున్నాడు. వల దులుపుకున్నాడు. నా కేసి సూసినాడు.

"ఊరుకోవే జగదాంబా" అంటే సరిపోను. అంతకంటే ఏటీ అక్కర్లేదు. నాను అన్లేదు. లోనకెల్లిపోనాను.

తెల్లారి సూత్తే ఆయన లేడు. తెప్పా లేదు. అది ఎవులూ వాడని పాత తెప్ప, గట్టు మీద బోర్లించి ఉండీది. ఆయాల వాయిగుండం, ఏటకెల్లొద్దని ముందరోజే సెప్పినారు. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. కెరటాలు ఇంటి కప్పంత లెగుత్తన్నాయి. ఊరంతా గట్టుకొచ్చీసినాది. దూరంగా నల్లటి సుక్కలాగ కనబడతాది, కెరటం లెగిత్తే మాయమైపోతాది, మల్లీ కనబడతాది.

ఒక్కడూ కదల్లేదు మేడమ్. సముద్రంలో పుట్టినోలు, ఒక మనిసి నీల్లలో ఉంటే ఆగని జాతి మాది. ఆయాల ఆగినారు. కెరటానికి బయ్యమో, పోతే పోనీ అనో, నాకు తెల్దు. ఆల మొగాలు సూడ్డానికి నాకు దైర్నం సాల్లేదు, నా మొగం ఎలగున్నాదో నాకు తెలుసు గాబట్టి.

నోరిప్పింది ఎవులో తెలుసా? ఢిల్లీరావు! మొగం ఉబ్బిపోయి, సేతికి కట్టుతోటి, పెల్లాం బుజం మీద సెయ్యేసి నిలబడ్డాడు. "సిగ్గులేదేట్రా మీకు?" అన్నాడు. "తెడ్డు పట్టడం మీకెవుడు నేర్పినాడ్రా? ఆ ముసలోడు కాదా? ఎవుడి ఆయుస్సు ఎవుడు తిన్నాడ్రా? నా ఆయుస్సు పోతంది, ఆయన తింటే నాకు తెలీదా? మిసను మీద పడుకునీది నాను! నాకే సత్తువుంటే మిమ్మల్ని అడుగుతానేట్రా?" అని అరిసినాడు. అరిసి అరిసి ఇసకలో కూలబడిపోనాడు. జగదాంబ ఆడి తల ఒల్లో ఎట్టుకుని కూకున్నాది గానీ కన్నెత్తి ఎవుల్నీ సూడ్లేదు.

ఆ మాటకి ముందు కదిలినోడు నా కొడుకే. ఆడి ఎనకాల ఇంకొంతమంది. బోటు తోసినారు. నాను పరిగెట్టి ఆడి సొక్కా పట్టుకున్నాను. "వొద్దురా, నువ్వొద్దు, ఇంకెవులైనా ఎల్తారు" అన్నాను. ఆడు నా ఏల్లు ఒక్కొక్కటీ ఇడదీసినాడు. మెల్లగా, నొప్పెట్టకుండా ఇడదీసినాడు. "తాత గదమ్మా ఆయన" అన్నాడు. అంతే. బోటెక్కీసినాడు.

మేడమ్, మీరు కిరస్తానీలు, మీకిది పిచ్చిగా ఉంటాది. అయినా సెప్తాను. మోకాల్లోతు నీల్లల్లో నిలబడి నాను గంగమ్మ తల్లిని అడిగినాను. ఇద్దర్నీ ఒడ్డుకి సేర్సమని అడగలేదు. "ముసలోణ్ణి నువ్వుంచుకో తల్లీ, నా కొడుకుని నాకిచ్చీ" అన్నాను. సెవుల కమ్మలు తీసి నీల్లల్లో ఏసినాను. ఇదిగో, సూడండి, ఒట్టి సెవులు.

గంగమ్మ ఏటి సేసినాదో తెలుసా? ఇద్దర్నీ తెచ్చీసినాది.

బోటు ఒడ్డుకి తగిలినప్పుడు మా మావ అడుగున ముడుసుకుని పడున్నాడు, ఒంటి మీద యువరాజు సొక్కా. పేనం ఉన్నాది. మంట ఏసి కాపడం ఎట్టినాం. కల్లు తెరిసి నన్నే సూసినాడు. "నన్నెందుకు తెచ్చీసినారే మంగా? నాయి గుంటడికి మిగుల్తాయనుకున్నానే" అన్నాడు. ఏటి మిగుల్తాయి అనుకున్నాడో తెలిసిందా మేడమ్? ఏల్లు. ఆయన బతకాల్సిన ఏల్లు. ఊరు అన్న మాట ఆయనా నమ్మీసినాడు.

తరవాత ఊరు కొంచెం సల్లబడింది. నీలమ్మ ఏరే గలాసు తీసీసినాది. జగదాంబ ఒకపాలి వచ్చి మా గుమ్మంలో కూకుని, ఏడ్సుకుని ఎల్లిపోనాది. కుర్రోలు మల్లీ "తాతా" అని పిలుత్తన్నారు. అంతా సరైపోనాది అనుకున్నాను. అప్పుడు యువరాజు రత్తం రెండోపాలి తీసినారు. ఇయ్యాల ఈ కబురట్టుకొచ్చినారు.

మొదట్లోనే దొరికింది, అదురుట్టం అంటారు. మందులేసుకోవాల, ఉప్పు తగ్గించాల, టిన్ను నీలే తాగాల, ఒల్లు నొప్పులకి బిల్లలు మింగకూడదు, ఎండలో పని మానీయాల. సరే. అన్నీ సేత్తాం. ఎండలో పని మానీసి ఆడేటి సేత్తాడు మేడమ్? రవిశంకర్ బాబు ఇంట్లో పుట్టినట్టు ఫేను కింద కూకుంటాడా? సముద్రం మీద నీడెక్కడుంటాది?

ఉండండి, మందుల సంగతి కాదు నాకు కావాల్సింది. నాకొకటి సెప్పండి. నాను ఇత్తానన్నది గంగమ్మ పుచ్చుకోలేదు. పుచ్చుకోకుండా ఎనక్కి పంపీసినాది. మరి నా మొక్కు తీరినట్టా, తీరనట్టా? నోటితో ఇచ్చీసినదానికి బదులు ఆవిడ ఇంకేటి పట్టుకెల్తాది? నాను అలగ అడక్కపోతే నా కొడుక్కి ఇది వచ్చీది కాదేమో. సెప్పండి. కాదని సెప్పండి.

తల ఊపుతన్నారు. కాదంటన్నారు. ముందు తీసిన రత్తంలోనే ఉన్నాదంటన్నారు, ఆ తెప్పకీ మొక్కుకీ ముందే ఉన్నాదంటన్నారు. మీరు సెప్పింది నా బుర్రకి తెలుత్తంది మేడమ్. నా గుండెకి తెలీడం లేదు.

ఒక పని సెయ్యండి, మీ కాల్లట్టుకుంటాను. ఆ షెల్టర్లోనే మల్లీ మీటింగు ఎట్టండి. మా మావని లెగ్గొట్టొద్దు. ఆయన్ని కుర్సీలోనే కూకోనిచ్చి, ఊరందరికీ ఇనబడీలాగ, ఈయన ఎవుల ఆయుస్సూ తినలేదని సెప్పండి. ముందు ఆయనకి సెప్పండి. డాక్టరమ్మ సెప్తే నమ్ముతాడు. యువరాజుకి ఇలగుందని తెలిత్తే ఆయన మల్లీ సముద్రం కేసి సూత్తాడు, అదీ నా బయ్యం.

అదిగో, వత్తన్నారు ఇద్దరూ. తాత బుజం మీద ఆడి సెయ్యి. ఎవుల్ని ఎవులు పట్టుకుని నడుత్తన్నారో దూరం నుంచి సూత్తే తెలీడం లేదు. ఉండండి, కల్లు తుడుసుకోనీండి. నాను ఏడ్సినట్టు కనబడకూడదు.

ఆలు గుమ్మం ఎక్కీలోగా ఇంకొక్క మాట. ఇది ఎవులికీ సెప్పకండి, మీ నాన్నగారిక్కూడా సెప్పకండి. ఆయన కంచంలో నాను రోజూ ఒక పిడికెడు తక్కువ ఎడతన్నాను. ఆ పిడికెడు యువరాజు కంచంలో ఏత్తన్నాను. తప్పని తెలుసు. ఆయన ఎవులిదీ తినలేదనీ తెలుసు. ఆయనా సూత్తన్నాడు, ఉన్నది తినీసి కంచం కడుక్కుంటాడు. మీతో ఇంత మాటాడినాక ఇయ్యాలైనా సరిగ్గా ఎట్టాల గదా? ఎట్టను మేడమ్. నా సెయ్యి నాకు తెలుసు. ఇయ్యాలా తక్కువే ఎడతాది.